ఎడమ నుంచి మూడో గొడుగు

నెల్సన్,
1966 జూన్ 5, ఆదివారం

ఐవీకి,

నువ్వు క్షేమమని తలుస్తాను. మేం ఉన్నాం, అంతే. మీ బావకి దగ్గు ఇంకా వదల్లేదు. గూడ్సు షెడ్డు నుంచి వచ్చి, టీ తాగి, కిటికీ దగ్గర కూర్చుంటాడు. ఏదైనా మాట్లాడు వాల్టర్ అంటే, "ఏం మాట్లాడమంటావే" అంటాడు. నిజమే, ఏముంది.

నాకు రాత సరిగా రాదని నీకు తెలుసు. పద్నాలుగో ఏట మిల్లులోకి పోయినదాన్ని. తప్పులుంటే సర్దుకుని చదువుకో.

సంగతేమిటంటే, నిన్న వేయించిన చేపలు కొనుక్కుని వస్తుంటే మన వీధి సినిమా హాలు గోడకి కొత్త బొమ్మ కనిపించింది. "ముప్పై గొడుగులు". రంగురంగుల గొడుగులు, మోకాళ్లు దాటని గౌన్లు, మధ్యన గిటారు పట్టుకుని పళ్లికిలిస్తున్న కుర్రాడు. కడుపుబ్బ నవ్వండి అని కింద పెద్ద అక్షరాలు. అక్కడే నిలబడిపోయాను. పొట్లంలోంచి నూనె కారి కోటు తడిసేదాకా ఒళ్లు తెలియలేదు.

అది మన బెరిల్ ఆడిన సినిమానే కదా? ఇరవయ్యో తేదీ సోమవారం నుంచి ఇక్కడ వేస్తారట. నీ కుట్టుపని ఆ స్టూడియోలోనే కాబట్టి అడుగుతున్నాను. నా పిల్ల నిజంగా కనిపిస్తుందా? ఎంతసేపు? ఎటువైపు? నా చూపు మందగించింది. చూస్తూ చూస్తూ దాటిపోతే మళ్లీ ఎక్కడని వెతుక్కుంటాను.

ఇంట్లో దానిది ఒక్క ఫోటో ఉంది, బడి మెట్లమీద కళ్లు చికిలించుకుని. ఆ పిల్ల కాదు కదా నన్ను వదిలి వెళ్లింది. వెళ్లింది పద్దెనిమిదేళ్ల పిల్ల. ఎలా నడిచిందో, ఎలా తిరిగిందో నేను చూడనే లేదు. "నాలుగు మగ్గాలు చూసుకుని పరువుగా బతకక గెంతులేసి బతుకుతావా" అన్నాను. అదే నేను దాని ముఖాన అన్న ఆఖరి మాట. ప్రతి ఆదివారం ఉత్తరం రాసేది, నేనూ రాసేదాన్ని, కానీ ముఖాన అన్నది మాత్రం అదే.

పిల్ల పోయి ఎనిమిది నెలలు కావస్తోంది. ఒక్కటే తొలుస్తుంది ఐవీ. పోయేముందు నన్నెందుకు పిలవలేదు? గుండె ఉన్నట్టుండి ఆగింది, రెండు గంటల్లో అంతా అయిపోయిందని నువ్వు చెప్పావు. అయితే పిలిచే వేళే లేదు. అది తెలుసు. అయినా అదే అడుగుతూ ఉంటాను.

మిల్లులో సగం మగ్గాలు ఆపేశారు. గురు, శుక్రవారాలు మాకు పని లేదు.

ఇట్లు మీ అక్క,
హెట్టీ


లండన్,
జూన్ 9

అక్కా,

నీ ఉత్తరం చూసి కుట్టు మిషను మీదే తల పెట్టుకుని ఏడ్చాను. తర్వాత సంతోషించాను కూడా. ఔను, అదే సినిమా. వెళ్లు. తప్పకుండా వెళ్లు. బావని కూడా లాక్కెళ్లు.

కథలో ఏమీ లేదు, నవ్వుకోవడానికి అల్లింది. ముసలాయన గొడుగుల కొట్టు మూతపడబోతుంది. మనవడు, వాడి స్నేహితులు పాటలు పాడి దాన్ని నిలబెడతారు. చివర్లో పెద్ద వాన పాట ఉంటుంది. ముప్పై మంది పిల్లలు, ముప్పై గొడుగులు, వీధి నిండా వాన. ముందు వరసలో ఎడమ నుంచి మూడోది చూడు. ఆకుపచ్చ గొడుగు. గొడుగు తిప్పుతూ ముందుకొచ్చినప్పుడు ముఖం నిండుగా పడి ఉండాలి. ఆ గౌను అంచు నేనే కుట్టాను, రెండుసార్లు పొట్టి చేయించారు. బావ గొణిగితే నన్ను తిట్టమను.

ఆ వాన నిజం వాన కాదక్కా, ఫైరింజను గొట్టాలతో కొట్టారు. కిందటేడు మార్చిలో మూడు రోజులు. పాట కూడా వీళ్లు అక్కడ పాడరు. ముందే వేరే వాళ్లచేత పాడించి పట్టుకుని, పెద్ద పెద్ద స్పీకర్లలో పెడతారు. పిల్లలు పెదవులు కదుపుతూ ఆడాలి. ఏం మోతనుకున్నావు! అచ్చం మన మగ్గాల షెడ్డే. పక్కనున్నవాడు అరిచినా వినపడదు. నేను పొడి తువ్వాళ్లు, దుప్పట్లు పట్టుకుని కెమెరా పక్కన నిలబడేదాన్ని.

మేము బట్టల గదివాళ్లం, తయారైన సినిమా మాకెవరూ చూపించరు. మంగళవారం నేనూ టిక్కెట్టు కొనుక్కుని చూస్తాను. ముందు నేను చూసి, ఎక్కడ కళ్లు ఆర్పకూడదో నీకు రాస్తాను.

పిల్ల ఆ మూడు రోజులూ నవ్వుతూనే ఉంది. అది మాత్రం నమ్ము.

నీ ఐవీ


లండన్,
జూన్ 15

అక్కా,

చూశాను. తొందరలో రాస్తున్నాను, సోమవారం లోపు నీకు అందాలని.

నువ్వు వెళ్లొద్దు. ఏమీ బాగాలేదు. వెకిలి హాస్యం. మన పిల్ల ఉన్న చోటు చాలావరకు కోసేశారు, గొడుగు తప్ప ఏమీ తెలియదు. ఇంతోటి దానికి నువ్వు అంత మనసు పెట్టుకుని వెళ్లి బాధపడటం నాకిష్టం లేదు. బావ అసలు చూడకూడదు, గౌన్లు మరీ పొట్టిగా ఉన్నాయి.

అక్కా, నా మాట విను. మిల్లు సెలవుల వారంలో నేనే అక్కడికి వస్తాను. కూర్చుని మాట్లాడుకుందాం. అప్పటిదాకా ఆ హాలు వైపు పోకు.

ఐవీ


నెల్సన్,
జూన్ 22, బుధవారం

ఐవీ,

ఒక ఉత్తరంలో తప్పకుండా వెళ్లమంటావు, ఆరు రోజులకే వెళ్లొద్దంటావు. ఏ ఐవీ మాట వినమంటావు?

వెళ్లలేదులే. సోమవారం కోటు వేసుకుని, గుమ్మం దాకా వచ్చి, మళ్లీ విప్పేశాను. గొడుగు మాత్రమే కనిపిస్తే ఆ గొడుగు చూసి ఏం చేసుకుంటాను అనుకున్నాను.

కానీ ఊరంతా వెళ్లింది. మన బెరిల్ ఉందని తెలుసు కదా. ఎదురింటి ఫ్లోరీ సోమవారం సాయంత్రం ఆటకి వెళ్లింది, నా పక్క మగ్గాలు చూసేదే, నీకు గుర్తుండాలి. వచ్చి తలుపు కొడుతుంది, గలగలా అంతా చెబుతుంది అనుకుని టీకి నీళ్లు పడేసి కూర్చున్నాను. రాలేదు. మర్నాడు పొద్దున మిల్లు గేటు దగ్గర పట్టుకున్నాను.

"ఏమే ఫ్లోరీ, చూశావా మా పిల్లని?"

"ఆ... చూశానే. గొడుగులు బాగున్నాయి."

"గొడుగుల సంగతి ఎవరడిగారే? పిల్ల ఎలా ఉంది?"

"బాగుందే. బాగుంది. అబ్బ, ఈల మోగింది, పద" అని నా చెయ్యి విడిపించుకుని పోయింది. ఈల మోగడానికి ఇంకా పది నిమిషాలుంది.

ఇంకో మాట. షెడ్డులో మన మాటలన్నీ పెదాలతోనే కదా. ఈ మోతలో గొంతుతో పనేముంది. ముప్పై గజాల అవతల ఎవరి మొగుడు ఏం చేశాడో కూడా ఇక్కడ నిలబడి చదివేస్తాం. నిన్న నేను లోపలికి అడుగు పెట్టగానే ఆ వరసలో నలుగురు ముఖాలు అటు తిప్పుకున్నారు. వీపులు పెట్టి మాట్లాడుకున్నారు. ముప్పై ఆరేళ్లలో నాకు వీపు చూపించినవాళ్లు లేరు ఐవీ. మన బెరిల్‌కి పెదాలతో మాట నేర్పింది కూడా వీళ్లే. మూడేళ్లు వీళ్ల మధ్య పనిచేసిన పిల్ల.

రాత్రంతా ఆలోచించాను. నువ్వు వద్దన్నావు, వీళ్లు ముఖాలు చాటేస్తున్నారు. ఏం చేసింది నా కూతురు ఆ సినిమాలో? బట్టలు లేకుండా నిలబెట్టారా? ఎవడి ఒళ్లోనైనా కూర్చుందా? నువ్వు దగ్గరుండి కూడా ఒప్పుకున్నావా? ఏదైనా సరే, పోయిన పిల్ల. దాన్నిప్పుడు తిట్టను. కానీ ఊరంతటికీ తెలిసింది తల్లికి తెలియకూడదా?

రేపు పని లేదు. మధ్యాహ్నం ఆటకి వెళ్తున్నాను. నువ్వు తంతి కొట్టినా ఆగను.

హెట్టీ


నెల్సన్,
జూన్ 23, గురువారం

ఐవీ,

చూసి వచ్చాను. కోటు కూడా విప్పలేదు. ఇప్పుడు రాయకపోతే ఇక రాయను.

గొడుగు మాత్రమే కాదు, ముఖం నిండుగా కనిపించింది. నువ్వు మొదట చెప్పినట్టే, ఎడమ నుంచి మూడోది. ముందు దాని మోకాళ్లు గుర్తుపట్టాను. తర్వాత గొడుగు పక్కకి ఒరిగింది. నవ్వుతోంది. పళ్లన్నీ కనిపించేలా నవ్వుతోంది. తక్కిన పిల్లలందరి పెదాలూ ఆ పాటతో కలిసి కదులుతున్నాయి, వాన, వాన అని. దాని పెదాలు వేరేగా కదిలాయి. షెడ్డులో కదిలినట్టు, పెద్దగా, విడివిడిగా. కెమెరా పక్కన ఎవరో ఉన్నట్టు అటు చూస్తూ.

ఏమందో నీకు తెలుసు. అయినా రాస్తాను.

"పిన్నీ, నావల్ల కావట్లేదు. గుండె మళ్లీ అలాగే కొట్టుకుంటోంది. అమ్మకి రాయొద్దు. మాటివ్వు."

ఇంకోసారి తిరిగి వచ్చింది. "మాటివ్వు పిన్నీ" అంది. తర్వాత తల ఊపింది. అంటే నువ్వు ఇచ్చావు.

హాల్లో నా ముందు వరసలో నలుగురు నేతవాళ్లు కూర్చున్నారు. ఒక్కరూ నవ్వలేదు. నేనున్నానని తెలిసి వెనక్కి కూడా తిరగలేదు. అప్పుడర్థమైంది ఫ్లోరీ గొడుగుల గురించి ఎందుకు మాట్లాడిందో. ఊరు ఊరంతా చదివేసింది ఐవీ.

మార్చిలోనే తెలుసు నీకు. "మళ్లీ" అంది అది. అంటే మార్చి కంటే ముందే తెలుసు. పోయింది అక్టోబరులో. ఆ మధ్యలో నాకు ఎన్ని ఉత్తరాలు రాశావో చూశాను. పద్నాలుగు. వాతావరణం గురించి రాశావు. కర్టెన్ల గురించి రాశావు.

రెండు గంటల్లో పోయిందన్నావు. అది కూడా అబద్ధమేనా?

మిల్లు సెలవులకి రావొద్దు.

హెట్టీ


లండన్,
జూన్ 26

అక్కా,

అబద్ధమే.

రెండు గంటలు కాదు. తొమ్మిది రోజులు. రాయడానికే చెయ్యి రావడం లేదు, కానీ ఇక దాచను.

ఆ ఏడు జనవరిలో మెట్లెక్కుతూ కూలబడింది. డాక్టరు దగ్గరికి నేనే తీసుకెళ్లాను. చిన్నప్పుడు దానికి కీళ్ల జ్వరం వచ్చింది చూడు, ఆరు వారాలు మంచంలో పెట్టావు. అది గుండెను తినేసి వెళ్లిందట. గెంతులు మానాలన్నాడు. బయటికి వచ్చి నా చెయ్యి పట్టుకుని, "ఈ ఒక్క సినిమా పిన్నీ, తర్వాత చిన్న పిల్లలకి ఆట నేర్పుకుంటూ కూర్చుంటాను" అంది. అలాగే చేసింది కూడా. మే నెల నుంచి చర్చి పక్క హాల్లో పదిమంది పిల్లలకి నేర్పింది. నేను గెలిచామనుకున్నాను.

ఆ వానలో అది నాతో అలా మాట్లాడుతుంటే నేను భయపడ్డానే గానీ, కెమెరా కూడా చూస్తోందని నాకు తట్టలేదు. అందరూ పాడుతోందనుకున్నారు. దర్శకుడైతే "ఆ మూడో పిల్ల భలే పాడుతోంది" అన్నాడు. మిల్లులో పనిచేసిందాన్ని, నాకే తట్టకపోతే వాళ్లకేం తెలుస్తుంది. అందుకే నిన్ను వెళ్లమని సంతోషంగా రాశాను. మంగళవారం హాల్లో కూర్చుని చూసేసరికి దాని మాటలన్నీ తెరమీద ఉన్నాయి. చుట్టూ జనం పడీ పడీ నవ్వుతున్నారు, వెనకాల ముసలాయన నీళ్ల తొట్టెలో పడతాడు లే, అది చూసి.

ఆ తొమ్మిది రోజులూ ఆసుపత్రిలో ఉంది. నాకు నీ తిట్లు తక్కువే. ఏడో రోజు నేను పోస్టాఫీసుకి వెళ్లాను. తంతి కాగితం రాశాను, "హెట్టీ వెంటనే రా" అని. పంపకుండా దాని దగ్గరికి తెచ్చి చూపించాను. ఎందుకు చూపించానో ఆ దేవుడికే తెలియాలి. చదివి, పక్కన పెట్టి, ఇలా అంది. నేను ఒక్క ముక్క కూడా మార్చడం లేదు.

"అమ్మ వస్తే ఇంటికి పద అంటుంది. అంటే నేను వెళ్లిపోతాను పిన్నీ. అమ్మ మాట కాదనలేను నేను. ఒక్కసారి కాదన్నాను, చాలు. కాస్త తగ్గనీ, నేనే నడిచి వెళ్లి తలుపు కొడతాను."

పోతాననుకోలేదక్కా అది. నేనూ అనుకోలేదు. రెండు రోజులకి తెల్లవారుజామున నర్సు వచ్చి పిలిచింది.

నువ్వు రావొద్దన్నావు, రాను. ఉత్తరం మాత్రం రాయి. తిట్టైనా సరే.

ఐవీ


నెల్సన్,
జూలై 3, ఆదివారం

ఐవీ,

నీ ఉత్తరం మంగళవారమే వచ్చింది. ఇన్నాళ్లు అప్రాను జేబులో పెట్టుకు తిరిగాను. జవాబు రాయడానికి ఓపిక లేదు. కోపం ఉండాలంటే కూడా ఓపిక కావాలి, అది నాకు లేకుండా పోయింది.

తొమ్మిది రోజులు. ఇక్కడి నుంచి రైల్లో ఒక్క పూట ప్రయాణం. లెక్క వేసుకుంటూ నేస్తున్నాను, నేస్తూ తప్పు చేస్తున్నాను. మేస్త్రీ వచ్చి గుడ్డ చూసి ఏమీ అనకుండా వెళ్లిపోయాడు. దానికంటే తిట్టినా బాగుండేది.

శుక్రవారం ఫ్లోరీ వచ్చింది, బంగాళాదుంపలు పెట్టి కాల్చిన రొట్టె పట్టుకుని. గుమ్మంలో నిలబడి, "మాకు తెలుసే. నీకెలా చెప్పాలో తెలియలేదు. నోరుండీ మూగవాళ్లమయ్యాం" అంది. లోపలికి రమ్మన్నాను. రొట్టె బాగా మాడ్చింది, ఇద్దరం తిన్నాం. హాలు మేనేజరు దాన్ని ఆపి అడిగాడట, "దేశమంతా విరగబడి నవ్వే చోట మీ ఊళ్లో చీమ చిటుక్కుమనదేంటమ్మా? నా యంత్రంలో శబ్దం పోయిందేమోనని మూడుసార్లు చూసుకున్నాను" అని. "మాకు నవ్వు రాదులే బాబూ" అని చెప్పి వచ్చిందట. అయినా మిల్లువాళ్లు రెండోసారి, మూడోసారి వస్తూనే ఉన్నారని ఇంకో వారం పెంచాడు. మన పిల్లని చూడటానికే వస్తున్నారు. కొందరు దాని తోటివాళ్లు.

నువ్వు రాసింది నిజమే. ఆ తంతి వచ్చి ఉంటే నేను వచ్చేదాన్ని. వచ్చి ఊరుకునేదాన్ని కాదు, మూట కట్టి తెచ్చేదాన్ని. వెనక గదిలో పడుకోబెట్టి, పొగగొట్టాలు చూపిస్తూ, గంజి పోసేదాన్ని. జనవరిలో తెలిసి ఉంటే ఈ సినిమానే ఉండేది కాదు. ఇంకో ఏడాది బతికేదేమో. బతికేది కాదేమో. నా మాట కాదనలేదు అని నువ్వు రాసిన చోట కాగితం చిరిగిపోయింది, అన్నిసార్లు మడిచాను.

నిన్ను క్షమించాననే మాట నాకు రాయ రావడం లేదు ఐవీ. అడగకు.

నిన్న శనివారం సినిమాకి ఆఖరి రోజు. మధ్యాహ్నం అన్నం తిన్నాక మీ బావ ఉన్నట్టుండి బూట్లు తొడుక్కున్నాడు. "పద" అన్నాడు. "ఎక్కడికయ్యా?" అన్నాను. "నాకూ కూతురే కదా" అన్నాడు.

ఆయనకి ఏమీ తెలియదు. నీ ఉత్తరం చూపించలేదు. ఊళ్లో ఆడవాళ్లెవరూ ఆయనకి చెప్పలేదు, చెప్పరు. గూడ్సు షెడ్డు మనిషికి పెదాల భాష ఏం తెలుస్తుంది. మన పెళ్లిళ్లయిన కొత్తలో ఆయన ముందే నువ్వూ నేనూ ఆయన్ని ఆడిపోసుకునేవాళ్లం, ఆయన రొట్టె తింటూ కూర్చునేవాడు.

వాన పాట వచ్చింది. నేను చెయ్యి పట్టుకుని, "ఎడమ నుంచి మూడోది" అన్నాను. గొడుగు ఒరిగింది. ఆయన ముందు సీటు పట్టుకుని పైకి లేచాడు, వెనకవాళ్లెవరూ కూర్చోమనలేదు. అది మాట్లాడింది. ఆయన వంగి నా చెవిలో అడిగాడు.

"ఏమంటోందే?"

నాకు నోట్లోదాకా వచ్చింది. ఆయనకి హక్కుంది. నాకెంత హక్కుందో అంతే ఉంది. ఆయన ముఖం చూశాను. అక్టోబరు నుంచి ఆ ముఖంలో నెత్తురు చుక్క లేదు, ఇప్పుడు మెరుస్తోంది.

"పాటే" అన్నాను. "పాడుతోంది."

విన్నాడు. చివరిదాకా విన్నాడు. ఎవరో లండన్ అమ్మాయిల గొంతులు. "మన పిల్ల ఇంత బాగా పాడుతుందా" అన్నాడు. "ఇంట్లో ఎప్పుడూ పాడలేదే."

"సిగ్గు దానికి" అన్నాను.

దారి పొడుగునా మాట్లాడాడు ఐవీ. చిన్నప్పుడు బల్లెక్కి గెంతిందని, చెంచాలు వాయించిందని. నేను ఊఁ కొడుతూ నడిచాను. రెండోసారి అడిగినా అదే చెప్పాను. మూడోసారికి అలవాటైంది. అప్పుడు, ఆ పోస్టాఫీసు నుంచి నువ్వు కాగితం పట్టుకుని వెనక్కి నడిచినప్పుడు ఎలా ఉండి ఉంటుందో కాస్త తెలిసింది. కాస్తే.

శనివారం నుంచి మిల్లు సెలవులు. రా. వెనక గదిలో పక్క వేస్తాను. మనిద్దరం మాట్లాడుకోవలసింది ఆయన పనికి వెళ్లాక మాట్లాడుకుందాం. నిన్ను చూడగానే ఆయన ఆ పాట గురించే అడుగుతాడు. చాలామంది గొంతుల్లో దానిది ఏదో తేల్చుకోవాలని తెగ ఆరాటపడుతున్నాడు. సన్నగా, పైస్థాయిలో వినిపిస్తుంది చూడు, అదేనని చెప్పు.

మీ అక్క